ట్రైలర్ తగిలించడం: యార్డు గేటు దాటకముందు చేయవలసిన పని

రేణిగుంట చుట్టుపక్కల యార్డుల్లో, శ్రీసిటీ పరిశ్రమల గేట్ల దగ్గర, చిత్తూరు చుట్టూ ఉన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు రోజూ జరిగే పని ఇది. ఒక హార్స్ తాను తెచ్చిన ట్రైలర్‌ను వదలి, లోడుతో సిద్ధంగా ఉన్న మరో ట్రైలర్‌ను తగిలించుకొని కృష్ణపట్నం వైపో చెన్నై వైపో వెళ్తుంది. ఇంజిన్ ఉన్న ముందు బండిని కొందరు హార్స్ అంటారు, కొందరు పుల్లర్ అంటారు. ముందువైపు చక్రాలు లేకుండా, తన బరువులో కొంత భాగాన్ని హార్స్ వీపు మీద మోపే వెనుక బండిని 1988 నాటి మోటారు వాహనాల చట్టం సెమీ ట్రైలర్ అని పిలుస్తుంది. ఈ రెండింటినీ కలిపి ఉంచేది ట్రైలర్ ముందుభాగం అడుగున కిందికి వేలాడే ఒకే ఒక్క ఇనుప పిన్ను, దానినే కింగ్ పిన్ అంటారు. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే కింగ్ పిన్ మెడ మందం రెండంగుళాలు, అంటే 50.8 మిల్లీమీటర్లు. పలమనేరు నుంచి చిత్తూరుకు మొగిలి ఘాట్ దిగే ట్రైలర్, ఎంత లోడు ఉన్నా, ఆ రెండంగుళాల మెడనూ, దానిని పట్టుకొని ఉండే హార్స్ మీది ఇనుప దవడనూ నమ్ముకొనే దిగుతుంది.

చాలా ఏళ్ళ క్రితం, కార్తీక మాసపు ముసురులో, నేను పనిచేసిన ఒక యార్డులో మూడు వారాలుగా నిలిచివున్న ట్రైలర్‌కు రాత్రి పదిన్నర ప్రాంతంలో హార్స్ తగిలించారు. ‘టక్’మన్న చప్పుడు అందరికీ వినిపించింది. క్లీనరు కుర్రవాడు ‘పడిందన్నా’ అని అరిచాడు. డ్రైవరు ఒకసారి మెల్లగా ముందుకు లాగి చూశాడు. హార్స్ ముందుకు పోలేదు కాబట్టి లాక్ పడిందనే అనుకున్నాము. విడిగా ఉన్నప్పుడు ట్రైలర్ ముందుభాగాన్ని నిలబెట్టే ఇనుప కాళ్ళు ఎత్తి, బ్రేకుల గాలి పైపులు తగిలించి బయలుదేరిన బండి గేటు ముందున్న స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగగానే కింగ్ పిన్ దవడ మీదుగా జారిపోయింది. ట్రైలర్ మూతి హార్స్ ఛాసిస్ మీదుగా వెనక్కి జరిగి నేలకు కుంగింది. ఎయిర్ పైపులు తెగాయి, అవి తెగగానే ట్రైలర్ బ్రేకులు వాటంతట అవే పట్టుకోవడం వల్ల అది అక్కడే ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆ రాత్రి టార్చి నా చేతిలోనే ఉంది. వాన పడుతోందని నేను కిందికి వంగి చూడలేదు, చూడకుండానే బండి తీయమన్నాను.

ఇక్కడ రాస్తున్నదంతా ఆ రాత్రి తరువాత పట్టుదలగా నేర్చుకున్నది. ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన మాటను ముందే చెబుతాను: లాక్ పడిందనడానికి చప్పుడు సాక్ష్యం కాదు, లాగి చూడడం ఒక్కటీ చాలదు. దవడ మూసుకొని ఉండడాన్ని కంటితో చూసినప్పుడే ట్రైలర్ తగిలినట్టు లెక్క.

హార్స్ వీపు మీద ఉండే పెద్ద ఇనుప పళ్ళేన్ని ఫిఫ్త్ వీల్ అంటారు. గుర్రపు బండ్ల కాలంలో నాలుగు చక్రాలకు తోడుగా ముందు ఇరుసు మీద పడుకోబెట్టినట్టు ఉండే మలుపు చక్రం నుంచి ఆ పేరు వచ్చింది. గుర్రం పేరు కూడా ముందు బండికి అలాగే అంటుకొని నిలిచిపోయింది కాబోలు. ఈ పళ్ళెం ముందుకూ వెనుకకూ ఊగుతుంది. దాని వెనుక అంచు నుంచి మధ్య దాకా ఇంగ్లీషు ‘వీ’ అక్షరం ఆకారంలో ఒక నోరు ఉంటుంది. కింగ్ పిన్ ఆ నోటిలోకి వచ్చి లోపలి గోడను తాకగానే, స్ప్రింగ్ బలంతో ఒక దవడ దాని మెడను చుట్టి మూసుకుంటుంది. మెకానిక్కులు దీనినే ‘జా’ అంటారు. పక్కన ఉండే రిలీజ్ హ్యాండిల్ బయటికి లాగి ఉంటే దవడ తెరుచుకొని ఉన్నట్టు, లోపలికి వెళ్ళిపోతే మూసుకున్నట్టు.

హార్స్‌ను వెనక్కి తీయకముందు

మొదట చూడవలసింది బండిని కాదు, నేలను. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల ఎండకు తారు మెత్తబడి, లోడుతో నిలిపిన ట్రైలర్ కాళ్ళు మధ్యాహ్నానికే అందులో గుంటలు చేసుకుంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలకు మట్టి యార్డులో కాళ్ళు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ దిగబడతాయి. ఒకవైపుకు ఒరిగిన ట్రైలర్ కిందికి హార్స్‌ను తోస్తే కింగ్ పిన్ వంకరగా నోటిలోకి వస్తుంది. అందువల్ల ట్రైలర్‌ను వదిలేటప్పుడే ప్రతి కాలి కింద వెడల్పైన గట్టి చెక్క పలక వేయాలి. తగిలించడానికి వచ్చినవారు కాళ్ళ పాదాలు సమంగా ఆనుకున్నాయా, ఏ కాలైనా వంగిందా అని చూడాలి. పాదం మట్టిలో పూడుకుపోయి ఉంటే ఆ ట్రైలర్ ఎత్తు మారిపోయిందని అర్థం.

తరువాత ట్రైలర్ చక్రాలకు ముందూ వెనుకా అడ్డుచెక్కలు పెట్టాలి. ఇటుక ముక్క, చేతికందిన గుండ్రాయి ఈ పనికి పనికిరావు. ఇటుక చిట్లిపోతుంది, గుండ్రాయి దొర్లిపోతుంది. ట్రైలర్‌కు పార్కింగ్ బ్రేక్ ఉంటే అది పట్టి ఉన్నదో లేదో చూడాలి. గాలి లేనప్పుడు స్ప్రింగ్ బలంతో పట్టే బ్రేకులు ఉన్న ట్రైలర్ ఎన్నాళ్ళు నిలిచినా కదలదు. అవి లేని పాత ట్రైలర్లలో మాత్రం, బ్రేకుల కోసం గాలి నిల్వ ఉండే తొట్టిలోని గాలి కొద్దికొద్దిగా కారిపోయి, కొన్ని రోజులకు బ్రేకులు పూర్తిగా వదిలేస్తాయి. అటువంటి ట్రైలర్‌ను పట్టి ఉంచేది అడ్డుచెక్క ఒక్కటే. హార్స్ వచ్చి తాకినప్పుడు అది వెనక్కి జరగకుండా ఉండాలంటే, చక్రాల వెనుక ఉన్న చెక్క టైరుకు బాగా ఆనుకొని ఉండాలి.

ఇప్పుడు ఫిఫ్త్ వీల్, కింగ్ పిన్. పాత గ్రీజులో ఇసుక, గులకరాళ్ళు కలిసి గట్టిపడి ఉంటే గుడ్డ పీలికతో తుడిచివేసి, పళ్ళెం మీదా దవడలోనూ కొత్త గ్రీజు పూయాలి. గట్టిపడిన పాత గ్రీజు దవడను పూర్తిగా మూసుకోనివ్వదు. పగుళ్ళు, ఊడిన బోల్టులు, విరిగిన స్ప్రింగ్ ఉన్నాయేమో చూడాలి. కింగ్ పిన్ వంగకూడదు, దాని మెడ అరిగిపోకూడదు. కొత్తదానిలో 50.8 మిల్లీమీటర్లు ఉండే మెడ 49కి వచ్చిందంటే ఆ పిన్ను మార్చవలసిందే. కంటి అంచనాతో అది తెలియదు కనుక మెకానిక్ దగ్గర ఉండే కొలత పరికరంతో అప్పుడప్పుడు కొలిపించాలి. రిలీజ్ హ్యాండిల్ బయటికి లాగి, దవడ తెరిచి ఉన్నదని, పళ్ళెం వెనుక అంచు కిందికి వాలి ఉన్నదని చూసుకోవాలి.

ఆ రాత్రి మేము తప్పింది ఎత్తు దగ్గర. ట్రైలర్ అడుగు పళ్ళెం ఫిఫ్త్ వీల్ పై భాగం కంటే కొద్దిగా, అంగుళం నుంచి రెండంగుళాల దాకా, కిందికే ఉండాలి. అప్పుడు హార్స్ వెనక్కి వచ్చేకొద్దీ వాలు మీదుగా ట్రైలర్‌ను కొంచెం పైకి ఎత్తుకుంటూ కిందికి దూరుతుంది, రెండు పళ్ళేలూ ఒకదానికొకటి అదిమిపెట్టుకుంటాయి. ట్రైలర్ మరీ కిందికి ఉంటే దాని మూతి హార్స్ ఛాసిస్‌కో పైపుల స్టాండ్‌కో కొట్టుకుంటుంది. ఆ తప్పు వెంటనే కనిపిస్తుంది, చప్పుడు చేస్తుంది. ట్రైలర్ మరీ ఎత్తులో ఉండడమే ప్రమాదకరమైన తప్పు. అప్పుడు కింగ్ పిన్ అడుగున ఉండే వెడల్పు అంచు మాత్రమే దవడకు అందుతుంది. మెడను పట్టవలసిన దవడ ఆ అంచు దగ్గర మూసుకుంటుంది, లేదా పిన్ను దవడ మీదుగా దాటిపోయి ముందువైపు ఆనుకుంటుంది. రెండు సందర్భాలలోనూ చప్పుడు వస్తుంది, లాగితే కొంత పట్టు కూడా దొరుకుతుంది. కమాన్ కట్టలు, అంటే ఇనుప పట్టీల స్ప్రింగులు, ఉన్న హార్స్‌ల ఎత్తు మార్చడానికి వీలుండదు కనుక, ట్రైలర్ కాళ్ళ హ్యాండిల్ తిప్పే ఆ ఎత్తును సరిచేయాలి. అంతకుముందు ఆ ట్రైలర్‌ను వదిలిన హార్స్ వేరే కంపెనీదై, ఎత్తు వేరై ఉండవచ్చు. కాబట్టి నిన్న సరిపోయింది కదా అనుకోకుండా ప్రతిసారీ చూడాలి.

వెనక్కి తీయడం

హార్స్‌ను ట్రైలర్‌కు సూటిగా నిలపాలి. ఏటవాలుగా వెనక్కి తీస్తే పిన్ను నోటి పక్క గోడను తోసి ట్రైలర్‌ను పక్కకు జరుపుతుంది, కాళ్ళు వంగుతాయి. అద్దాలలో ట్రైలర్ రెండు అంచులూ సమంగా కనిపించేలా సరిచేసుకొని, మెల్లగా వచ్చి, తగలడానికి కొద్దిగా ముందు ఆగాలి. ఆగి, హ్యాండ్ బ్రేక్ వేసి, దిగి, ఎత్తునూ సూటినీ మరొకసారి చూడాలి. ఈ ఒక్క దిగుడుకు పట్టేది ఒక నిమిషం.

క్లీనరు ఎక్కడ నిలబడాలన్న విషయాన్ని గట్టిగా చెప్పదలచుకున్నాను. మన యార్డుల్లో క్లీనరు హార్స్‌కూ ట్రైలర్‌కూ మధ్య నిలబడి, చేత్తో బాడీ మీద తడుతూ ‘రానీ, రానీ’ అనడం అలవాటు. ఇంజిన్ చప్పుడులో ఆ తట్టుడు వినిపించని క్షణంలో అతనికి తప్పించుకొనే దారి ఉండదు. హార్స్ కదులుతున్నంతసేపూ మధ్యలో ఎవరూ ఉండకూడదు. క్లీనరు డ్రైవరు వైపు అద్దంలో పూర్తిగా కనిపించే చోట, బండికి దూరంగా నిలబడి చేతితో సైగ చేయాలి. అతను అద్దంలో కనిపించడం మానిన మరుక్షణం డ్రైవరు బండి ఆపాలి. కాళ్ళ మీద మాత్రమే నిలిచిన ట్రైలర్ కిందికి ఎవరినీ పంపకూడదు, వస్తువు జారి పడినా సరే.

అన్నీ సరిగా ఉంటే తక్కువ గేరులో, నడక వేగం కంటే నెమ్మదిగా వెనక్కి రావాలి. దవడ మూసుకున్న చప్పుడు వినిపించాక ఆగి, ట్రైలర్ బ్రేకులు పట్టి ఉండగానే తక్కువ గేరులో మెల్లగా ముందుకు లాగి చూడాలి. క్లచ్ ఒక్కసారిగా వదిలి కుదుపు ఇవ్వకూడదు, ట్రైలర్ తనను పట్టుకొని ఆపుతోందని హార్స్‌కు తెలిసేంత లాగితే చాలు. తరువాత న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకొని దిగాలి. తాళం జేబులో ఉండాలనడానికి కారణం ఉంది. మీరు ట్రైలర్ కింద తల పెట్టి చూస్తున్నప్పుడు, సాయం చేద్దామనుకొని మరొకరు క్యాబిన్ ఎక్కి బండి స్టార్ట్ చేసిన సందర్భాలను నేను చూశాను.

వంగి చూడడం

టార్చి తప్పనిసరి, పగలైనా సరే. ట్రైలర్ అడుగున ఎప్పుడూ చీకటే.

మొదట పక్కనుంచి, రెండు పళ్ళేలు కలిసే చోట చూడాలి. ఫిఫ్త్ వీల్‌కూ ట్రైలర్ అడుగు పళ్ళేనికీ మధ్య ఏ సందూ ఉండకూడదు. ఒకరు ఒక పక్క టార్చి వెలిగించి పట్టుకుంటే, రెండోవారు అవతలి పక్కనుంచి చూడవచ్చు. వెలుతురు గీతలా దాటి వచ్చిందంటే సందు ఉన్నట్టే, పిన్ను పైన కూర్చున్నట్టే. ఆ రాత్రి నేను వంగి ఉంటే ఆ గీత నాకు కనిపించి ఉండేది. సందు కనిపిస్తే, నేల ఎగుడుదిగుడు వల్ల వచ్చిందేమో అని తర్కించుకుంటూ బయలుదేరకూడదు. లాక్ విప్పి, హార్స్‌ను ముందుకు తీసి, కాళ్ళ ఎత్తు సరిచేసి మళ్ళీ మొదటినుంచి తగిలించాలి.

తరువాత ఛాసిస్ చివర వైపు నుంచి ఫిఫ్త్ వీల్ నోటిలోకి వెలుతురు వేయాలి. దవడ కింగ్ పిన్ మెడను చుట్టి మూసుకొని కనిపించాలి. పిన్ను అడుగున ఉండే వెడల్పు అంచు దవడకు కింద ఉండాలి, దవడ దానికి పైన, మెడ దగ్గర ఉండాలి. గ్రీజు నల్లగా నిండి ఉంటే దవడ ఏదో పిన్ను ఏదో పోల్చుకోవడం కష్టమే. అప్పుడు ఒకటి రెండు నిమిషాలు నిలబడి, టార్చి కోణం మార్చి మార్చి చూడాలి తప్ప, ‘ఉండే ఉంటుందిలే’ అనుకొని లేవకూడదు. కొత్తగా పనిలో చేరినవారికి నేను ఒక పద్ధతి నేర్పేవాడిని. ట్రైలర్ తగిలించని హార్స్ దగ్గరికి తీసుకెళ్ళి, తెరిచిన దవడ ఎలా ఉంటుందో, మూసిన దవడ ఎలా ఉంటుందో నాలుగైదు సార్లు చూపేవాడిని. ఆ రెండు రూపాలూ కంటికి అలవాటైన మనిషి చీకటిలో కూడా మోసపోడు.

చివరగా హ్యాండిల్. అది పూర్తిగా లోపలికి వెళ్ళి ఉండాలి, దాని మీది సేఫ్టీ లాచ్ కిందికి పడి ఉండాలి, కొక్కెం ఉన్న రకమైతే కొక్కెం తగిలించాలి. హ్యాండిల్ సగంలో ఆగి ఉంటే సుత్తితో కొట్టి లోపలికి పంపడం కొన్నిచోట్ల చూశాను. హ్యాండిల్ లోపలికి పోవచ్చు కానీ అది ఎందుకు ఆగిందో తెలియకుండానే పోతుంది. దవడలో రాయి ఉండవచ్చు, స్ప్రింగ్ విరిగి ఉండవచ్చు, పిన్ను చోటులో లేకపోవచ్చు. విప్పి చూడాలి.

గాలి పైపులు

ఎర్ర పైపు ట్రైలర్ తొట్టికి గాలి అందిస్తుంది. పసుపు పైపు డ్రైవరు బ్రేక్ నొక్కినప్పుడు ఆ ఆదేశాన్ని ట్రైలర్‌కు చేరవేస్తుంది. ఎర్ర పైపులో గాలి లేనంతసేపూ, స్ప్రింగ్ బ్రేకులు లేని పాత ట్రైలరైతే తొట్టిలో గాలి ఉన్నంతవరకూ, ట్రైలర్ బ్రేకులు పట్టి ఉంటాయి, గేటు దగ్గర మా ట్రైలర్ ఆగింది అందువల్లే. ఈ ఏర్పాటులోనే ఒక ముప్పు కూడా ఉంది. ట్రైలర్ పార్కింగ్ బ్రేక్ వేయకుండా, హార్స్ హ్యాండ్ బ్రేక్ కూడా మరచిపోయి దిగినవారు, వెనుక నిలబడి ఎర్ర పైపు తగిలిస్తే, అప్పటిదాకా ట్రైలర్‌ను ఆపి ఉంచిన బ్రేకులు ఆ గాలితో వదిలేస్తాయి. నేల కొద్దిగా వాలుగా ఉన్నా రెండు బండ్లూ కలిసి, డ్రైవరు లేకుండా కదులుతాయి. పైపు తగిలించిన మనిషి ఆ రెండింటి మధ్యే ఉంటాడు. పరుగెత్తి క్యాబిన్ ఎక్కబోయి చక్రం కింద పడినవారున్నారు.

కాబట్టి పైపుల దగ్గరికి వెళ్ళే ముందు హార్స్ హ్యాండ్ బ్రేక్‌ను చేతితో తాకి చూడాలి, ట్రైలర్ పార్కింగ్ బ్రేక్ చూడాలి, అడ్డుచెక్కలు ఇంకా తీయకూడదు. ముందు పసుపు పైపు, తరువాత ఎర్ర పైపు తగిలించాలి. వదిలేటప్పుడు ముందు ఎర్రది, తరువాత పసుపుది తీయాలి. తగిలించే మూతుల రబ్బరు వాషర్లలో దుమ్ము ఉంటే తుడవాలి, చిట్లిన వాషర్ మార్చాలి. రెండు పైపులూ ఒకదాని చోట మరొకటి పడకుండా మూతులను వేర్వేరు ఆకారాల్లో చేస్తారు కానీ, అరిగిపోయినవి, ఎక్కడో మార్చి వేసినవి బలవంతంగా తిప్పితే తారుమారుగా కూర్చుంటాయి. రంగు వెలిసిపోయిన పైపులకు రంగు టేపు చుట్టుకోవడం మంచిది. తారుమారైతే ట్రైలర్ తొట్టికి గాలి చేరదు. స్ప్రింగ్ బ్రేకులు లేని పాత ట్రైలరైతే, బ్రేకే లేకుండా వెనుక దొర్లుతూ వస్తుంది.

పైపులు ఛాసిస్ మీద రాసుకోకుండా, నేలకు వేలాడకుండా, మలుపులో బిగుసుకోకుండా ఉండేంత వదులు ఉండాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి మీటరులో గాలి పూర్తిగా నిండేదాకా ఆగి, ఇంజిన్ ఆపి, చుట్టూ నడుస్తూ చెవి పెట్టి వినాలి. ‘స్స్’ అనే సన్నని చప్పుడు ఎక్కడ వినిపిస్తే అక్కడ సబ్బు నీళ్ళు రాస్తే బుడగ చూపిస్తుంది.

మిగిలిన పనులు

కరెంటు తీగ ఏడు పిన్నుల ప్లగ్గును, 24 వోల్టులది, పూర్తిగా లోపలికి నొక్కి మూత గడియ వేయాలి. టెయిల్ లైట్లు, బ్రేక్ లైట్లు, రెండు ఇండికేటర్లు వెలుగుతున్నాయో లేదో క్లీనరు వెనుక నిలబడి చూసి చెప్పాలి. ట్రైలర్ వెనుక హార్స్ నంబరు కూడా కనిపించాలని మోటారు వాహనాల చట్టంలోని 61వ సెక్షన్ చెబుతుంది. హార్స్‌లు రోజూ మారే యార్డులో నిన్నటి హార్స్ నంబరు వెనుక అలాగే ఉండిపోవడం తరచుగా జరుగుతుంది. కంటైనర్ ఎక్కించి ఉంటే నాలుగు మూలల ట్విస్ట్ లాకులు తిరిగి బిగిసి ఉన్నాయో చూడాలి.

కాళ్ళను పూర్తిగా పైకి ఎత్తాలి. సగం ఎత్తి వదిలేసిన కాళ్ళు రైల్వే గేటు దగ్గర పట్టాలకూ, ఎత్తైన స్పీడ్ బ్రేకర్లకూ తగిలి విరుగుతాయి. హ్యాండిల్‌ను దాని కొక్కెంలో పెట్టాలి, వేలాడుతూ ఉంటే పక్కన వెళ్ళే మోటారు సైకిల్ మనిషికి తగులుతుంది. కాళ్ళకూ హార్స్ వెనుక చక్రాలకూ మధ్య మలుపులో సరిపోయేంత చోటు ఉన్నదో చూసి, అప్పుడు మాత్రమే అడ్డుచెక్కలు తీసి పెట్టెలో వేసుకోవాలి.

యార్డులోనే నడక వేగంతో కొన్ని అడుగులు పోనిచ్చి, ట్రైలర్ బ్రేక్ లివర్ ఒక్కటే వాడి ఆపాలి. ట్రైలర్ వెనుక నుంచి పట్టి ఆపుతున్నట్టు తెలియాలి. అలా పట్టకుండా బండి ముందుకే పోతున్నట్టు అనిపిస్తే గేటు దాటవద్దు, మొగిలి ఘాట్ వైపైనా భాకరాపేట ఘాట్ వైపైనా అసలు తీసుకెళ్ళవద్దు.

దారిలో టీ కోసమో భోజనం కోసమో పుత్తూరు దగ్గరో నాయుడుపేట దగ్గరో ఆగినప్పుడు, తిరిగి ఎక్కే ముందు టార్చి తీసుకొని ఫిఫ్త్ వీల్ హ్యాండిల్, లాచ్, రెండు పైపులు మళ్ళీ చూడాలి. నిలిపిన బండి హ్యాండిల్‌ను ఆకతాయిగా లాగినవారు ఉంటారు. హ్యాండిల్ అంగుళం బయటికి వచ్చి కనిపించినా దానిని తోసి ఎక్కకుండా, తాళం జేబులో వేసుకొని, వెనుకకు వెళ్ళి, దవడను మళ్ళీ నోటిలోంచి చూడాలి.